బెంచీల కింద నిన్నటి మాటలు

సోమవారం రెండో పీరియడ్‌లో నాలుగో తరగతి టీచరు చేసిన పని చూడ్డానికి చాలా చిన్నది. ఎర్ర పెన్ను తీసి ఒక కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీసింది. గీత గీయడానికి ఎంతసేపు పడుతుంది గనక? ఆ గీతే ఆ వారమంతా ఆవిణ్ణి కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

బడిలో ఆవిణ్ణి అందరూ డబ్బా టీచరు అంటారు. ఆవిడ బల్ల మీద మూత సొట్టపడ్డ బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. నాలుగో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మందీ పొద్దున్నే వస్తూ వస్తూ తలా ఒక చీటీ అందులో వెయ్యాలి. చీటీ మీద ఒకే ఒక్క మాట. అది పాఠం పుస్తకంలోది కాకూడదు. ఇంట్లోనో వీధిలోనో తమ చెవులతో తాము విన్నదై ఉండాలి. శుక్రవారం నాడు డబ్బా గలగలా ఊపి ఒక్కొక్కరూ నాలుగేసి చీటీలు తీసుకుంటారు. ఆ నాలుగు మాటలూ వచ్చేలా సోమవారానికి ఒక కవిత అల్లుకు రావాలి. అంతే ఆట. ఈ ఆట మొదలయ్యాకే, అక్షరాన్ని చూస్తే బెంచీ కింద దూరే పిల్లలు కూడా గోడల మీది ప్రకటనలూ బస్సుల మీది బోర్డులూ కూడబలుక్కుని చదవడం మొదలెట్టారు. మాటల వేట మరి!

హెడ్ మేడానికి మాత్రం ఈ ఆట మీద మొదటి నుంచీ గురి లేదు. "ఇవన్నీ ఇంట్లో వాళ్ళు రాసిస్తున్నవేనమ్మా. పిల్లలు నీ చేత డబ్బా మోయిస్తున్నారు," అని శనివారం నాడు స్టాఫ్ రూములో అందరి ముందూ అనేసింది. శుక్రవారం తనిఖీకి పై అధికారి వస్తున్నాడు. పిల్లల కవితలు తరగతి గదిలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీస్తానని డబ్బా టీచరు మాటిచ్చింది. వాటిలో ఒక్కటి అరువు సరుకని తేలినా, ఈ కవితల పీరియడ్ కాస్తా లెక్కలకి పోతుంది. అందుకని సోమవారం కాగితాలు దిద్దుతున్నప్పుడు ఆవిడ కళ్ళు టీచరు కళ్ళలా లేవు, పోలీసు కళ్ళలా ఉన్నాయి.

పంతొమ్మిదో కాగితం దగ్గర ఆ కళ్ళు ఆగిపోయాయి.

తాళం తీస్తే గదికి ఆవులింత వచ్చింది.
బెంచీల కింద నిన్నటి మాటలు పడుకుని ఉన్నాయి.
చీపురు వాటిని లేపలేదు, పక్కకి జరగమంది.
మరక ఒక్కటే జరగనని మొండికేసింది.

డబ్బా టీచరు రెండుసార్లు చదువుకుంది. కింద ఉన్న పేరు చూస్తే అది మూడో బెంచీ పిల్లది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ పెదవి దాటి బయటికి రాదు గనక తోటిపిల్లలు గుసగుస అని పేరు పెట్టారు. చదవమంటే వేలు పెట్టి ఒక్కో మాటా తడుముకుంటూ, తనకి తాను చెప్పుకున్నట్టు చదువుతుంది. బడి ఆయమ్మ కూతురు. ఆ పిల్ల అక్షరాలు ఆవగింజల్లా సన్నగా, పొందికగా ఉంటాయి. ఈ కాగితం మీదివేమో ఇంతింత లావున, ఒకదానికొకటి తగలకుండా, తలకట్లు కోపంగా పొడిచినట్టు ఉన్నాయి. మాటలు చూస్తే పెద్దవాళ్ళవి, రాత చూస్తే ఒకటో తరగతి పిల్లలది. ఎక్కడా పొంతన లేదు.

"ఇలా రా," అని పిలిచింది. గుసగుస వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"ఇది నువ్వే రాశావా?"

పిల్ల తల ఊపింది.

"ఈ చేతిరాత నీదేనా?"

"కాదు టీచర్."

"మరెవరిది?"

పిల్ల తన గౌను అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"ఏ పుస్తకంలోంచి ఎత్తారు?"

"పుస్తకం కాదు టీచర్. నేనే... నాదే."

"చేతిరాత నీది కాదు. ఎవరిదో చెప్పవు. మాటలు మాత్రం నీవి! ఎవరి చెవిలో పువ్వు పెడదామనే?"

మొదటి బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకి టీచరుకి ఇంకాస్త ఊపొచ్చింది. పెన్ను తీసింది, గీత గీసింది, కింద 'సొంతం కాదు' అని అందంగా, విడివిడి అక్షరాలతో రాసి, కాగితం పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల ఏడవలేదు. బెంచీ దగ్గరికి వెళ్ళి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎర్ర సిరా పక్కకి అలుక్కోకుండా అది ఆరేదాకా ఉఫ్ ఉఫ్ అని మెల్లగా ఊదుతూ కూర్చుంది. తర్వాత లెక్కల పుస్తకం మధ్యలో, ఎక్కడా మడత పడకుండా పెట్టుకుంది.

మధ్యాహ్నం డబ్బా టీచరు హెడ్ మేడం గదికి వెళ్ళి, చేతిరాత వేరేగా ఉన్న ఒక కాపీ పట్టుకున్నాననీ మిగతావన్నీ పిల్లలు సొంతంగా రాసినవేననీ చెప్పింది. "ఇప్పుడు దారికొచ్చావు," అంది హెడ్ మేడం. ఆ మెచ్చుకోలు టీచరుకి తీపిగానే ఉంది, బస్సెక్కేదాకా.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ముందు గదిలో పాత దుప్పటి పరుచుకుని బట్టలు మడతలు పెడుతోంది. ఆవిడకి కోడలి బడి కబుర్లంటే ప్రాణం. "ఏమే, ఇవాళ నీ డబ్బాలో ఏం పడ్డాయి?" అని అడిగింది. టీచరు జరిగిందంతా చెప్పింది, కాస్త గొప్పగానే చెప్పింది.

"పిల్ల ఏడ్చిందా?"

"లేదత్తయ్యా. మొండిఘటం. సిరా ఆరేదాకా కాగితం మీద ఊదుకుంటూ కూర్చుంది."

అత్తగారు చేతిలోని చొక్కా మడత మధ్యలోనే ఆపేసింది. "కొట్టుకొచ్చిన వస్తువుని ఎవరైనా అంత అపురూపంగా చూసుకుంటారటే?"

"మీకేం తెలుసు బడి సంగతులు!" అని కసిరి టీచరు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. పొంగిపోయాయి.

మంగళవారం పొద్దున్న డబ్బాలో చీటీలు లెక్కపెడితే ముప్పై ఏడున్నాయి. బెంచీల్లో పిల్లలు మాత్రం ముప్పై ఎనిమిది మంది. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఏడే.

"ఎవరు వెయ్యలేదర్రా?" అని అడిగింది, ఎవరో తెలిసే. మూడో బెంచీలో గుసగుస లేచి నిలబడింది.

"మాట ఏదమ్మా?"

"నిన్న ఏ మాటా వినలేదు టీచర్," అంది పిల్ల, ఎప్పటి గొంతుతోనే. వెటకారం లేదు, కోపం లేదు. కూర్చోమంది టీచరు. ఇంకేమంటుంది?

ఆ రోజు పాఠం నడవలేదు. ఉపమానాలు చెబుతూ మధ్యలో ఆగిపోతోంది, చాక్‌పీసు రెండుసార్లు విరిచింది. విరామంలో పిల్లలంతా బయటికి పరిగెత్తితే, ఆవిడ మూల బీరువా తెరిచి పాత పుస్తకాలన్నీ కిందికి దించింది. కథల పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు, అట్టలూడిన పిల్లల పత్రికలు, ఒక్కో పేజీ తిరగేసింది. తాళం, ఆవులింత, చీపురు, మరక. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరికి తీరాలి. దొరికితే తను చేసింది న్యాయమవుతుంది, రాత్రికి నిద్ర పడుతుంది. ముక్కులోకి దుమ్ము పోయి తుమ్ములు వచ్చాయి గానీ కవిత దొరకలేదు.

మూడో పీరియడ్‌లో ఆయమ్మ నోటీసు పుస్తకం పట్టుకొచ్చింది. ఆవిడ సన్నటి మనిషి, పొద్దస్తమానం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకునే ఉంటుంది. ఎప్పుడు నోటీసు తెచ్చినా కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, మూడో బెంచీ వైపు పుస్తకం తిప్పి పట్టుకుని, కూతురి వైపు చూసి అప్పుడు కదులుతుంది. తల్లి ప్రేమ కదా అని టీచరు ఎన్నోసార్లు ముచ్చటపడింది. ఇవాళ కూడా ఆయమ్మ ఆగింది. కూతురు తలెత్తలేదు. ఆయమ్మ ఇంకాస్త ఆగింది. పిల్ల బల్ల మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ ఉండిపోయింది. చివరికి ఆయమ్మ లోపలికొచ్చి పుస్తకం టీచరు చేతికిచ్చింది.

"ఇది నాకు కాదు, అయిదో తరగతికి. పైనే రాసుంది కదా ఆయమ్మా."

"తొందరలో చూళ్ళేదండి," అని ఆయమ్మ పుస్తకం లాక్కున్నంత పని చేసి గబగబా వెళ్ళిపోయింది.

బుధవారం తెల్లవారగానే టీచరుకి మెలకువ వచ్చేసింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది. మొగుడు ఇంకా గురక పెడుతున్నాడు. అత్తగారు మాత్రం మంచంలోంచే, "ఇంత పొద్దున్నే బడి నీ కోసం ఏడుస్తోందా?" అంది. మొదటి బస్సు పట్టుకుని ఆరున్నరకల్లా బడి గేటు దగ్గరుంది టీచరు. గేటు తీసే ఉంది. వరండాలో తడి. నాలుగో తరగతి గది తలుపు ఓరగా వేసుంది, లోపలి నుంచి ఒక గొంతు వినిపిస్తోంది. ఖంగుమంటున్న గొంతు. ఎవరిదబ్బా అనుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

బెంచీ మీద కాళ్ళు పైకి ముడుచుకుని గుసగుస కూర్చుని ఉంది. ఆ గొంతు ఆ పిల్లదే! ఒళ్ళో చీటీల కట్ట. అవి డబ్బా చీటీలు. వాడేశాక ప్రతి సోమవారం టీచరు చెత్తబుట్టలో పడేసేవి. కింద నేల మీద ఆయమ్మ గొంతుక్కూర్చుంది. పక్కన బకెట్టు, తుడుపు గుడ్డ.

"రాయమ్మా. 'గొడుగు' రాయి."

"వద్దే తల్లీ. నాకీ చదువొద్దు, ఏమొద్దు. నా రాత వల్లే కదా నీకు దొంగ అని పేరొచ్చింది."

"దొంగ అన్లేదు. సొంతం కాదు అన్నారు."

"రెండూ ఒకటే."

"ఒక్కటమ్మా. గొడుగు ఒక్కటి రాస్తే వదిలేస్తా." సరిగ్గా డబ్బా టీచరులాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది ఆ పిల్ల. "ఊఁ! వేళ్ళు మొద్దుబారాయా? కానీ!"

ఆయమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. బకెట్టులో వేలు ముంచి, ఊడ్చిన నేల మీద నీళ్ళతో రాసింది. ఇంతింత లావున, ఒకదానికొకటి తగలకుండా, తలకట్లు కోపంగా పొడిచినట్టు. మొదటి అక్షరం ఆరిపోకముందే చివరిది పూర్తి చెయ్యాలని నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టి గబగబా రాస్తోంది. ఆ రాత మీద తను అడ్డంగా గీత గీసింది.

గది వంక చూసింది. ఇప్పుడే తాళం తీసిన గది. బెంచీల కింద నిన్నటి కాగితం ముక్కలు, పెన్సిల్ చెక్కిన పొట్టు, ఎవరో నలిపి పడేసిన చీటీలు. గోడ మూలన ఎప్పుడో ఒలికిన సిరా మరక, ఎన్నాళ్ళు రుద్దినా పోనిది. పుస్తకాల్లో ఏం వెతికింది తను? ఉన్నదంతా ఇక్కడే ఉంది. రోజూ పొద్దున్నే కాళ్ళు పైకి ముడుచుకుని ఈ పిల్ల చూసేదంతా ఇదే.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పిల్ల గొంతు టక్కున ఆగిపోయింది. బెంచీ దిగి, బకెట్టు అందుకుని, టీచరు వంక చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయమ్మ తుడుపు గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి లేచి నిలబడింది. నేల మీద ఏమీ మిగల్లేదు.

"చూశారాండి?" అంది.

"చూశాను."

"బడి గుమ్మం ఎక్కినదాన్ని కాదు టీచర్ గారూ. ఉద్యోగానికి అయిదు చదివుండాలన్నారు. చదివానని చెప్పేశాను. నోటీసు ఏ గదికో ఇదే చెబుతుంది. కిటికీలోంచి చూపిస్తే ఎన్నో తరగతికైతే అన్ని వేళ్ళు పైకెత్తుతుంది. మేడం గారి రాత గొలుసుకట్టుగా ఉంటుందండి, నాకు కొరుకుడు పడదు. విడిగా ఉంటే చదువుతాను." ఆగి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఊడ్చిన చీటీలు పారబొయ్యబుద్ధి కాలేదండి. అవి పట్టుకుని ఇదే నాకు నేర్పింది. ఆ పాట అది చెబుతుంటే నేను రాశాను. ఒక కాగితం నిండా రాయడం నాకదే మొదలు. నీ చేత్తో తిరగరాసి ఇవ్వవే అన్నాను, వింటేనా! ఎవరు రాశారో చెప్పను, ఇదే ఇస్తానని పట్టుబట్టింది."

టీచరు నేల మీద ఆరుతున్న తడి వంక చూసింది.

"మీరు ఎర్రగా రాసింది కూడా చదివానండి," అంది ఆయమ్మ. "కూడబలుక్కుని చదివాను. విడివిడిగా, చక్కగా రాశారు. సొం, తం, కా, దు. టీచరు రాసింది ఎవరూ చెప్పకుండా చదవగలగడం కూడా నాకదే మొదలు."

కొట్టినా బాగుండేది. డబ్బా టీచరు బెంచీ మీద కూలబడింది. "నేను సరిచేస్తాను. అందరి ముందూ సరిచేస్తాను," అంది.

"వద్దు టీచర్ గారూ, మీకు దణ్ణం పెడతాను. చేతిరాత ఎవరిదని మేడం గారు అడుగుతారు. పిల్లలదేముంది, రెండు రోజులు పోతే అన్నీ మర్చిపోతారు. నాకు ఈ ఉద్యోగం పోతే ఎలాగండి?"

ఆ రోజంతా టీచరుకి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. డబ్బాలో మళ్ళీ ముప్పై ఏడు చీటీలే. నిజం చెబితే తల్లి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్ల దొంగగానే మిగిలిపోతుంది. పీరియడ్ పీరియడ్‌కీ ఒక ఉపాయం తడుతోంది, గంట కొట్టేసరికి అది కాస్తా పనికిరాకుండా పోతోంది. సాయంత్రం అత్తగారికి అన్నీ చెప్పేసింది, తల్లి సంగతి తప్ప.

"పిల్లది తప్పు కాదని తేలిందిగా, ఇంకా ఈ నసుగుడెందుకు?"

"చెబితే ఇంకొకళ్ళకి కష్టమొస్తుందత్తయ్యా."

"నీ తప్పు వరకు నువ్వు చెప్పు. వాళ్ళ సంగతి వాళ్ళని చెప్పుకోనీ, మానుకోనీ. నీ నోటికి ఆ మాత్రం తాళం వేసుకోలేవూ?" అంది అత్తగారు. ఎంత తేలిగ్గా చెప్పిందో!

గురువారం ఆఖరి పీరియడ్‌కి ముందు హెడ్ మేడం ఏర్పాట్లు చూడ్డానికి వచ్చింది. గది ఈ చివర నుంచి ఆ చివరికి తాడు కట్టి, దానికి ముప్పై ఎనిమిది క్లిప్పులు పెట్టారు. ముప్పై ఏడింటికి కవితలు వేలాడుతున్నాయి. ఒక క్లిప్పు ఖాళీగా ఉంది.

"అది తీసేయించు. పన్ను ఊడినట్టుంది," అంది హెడ్ మేడం.

"ఒక్క నిమిషం మేడం. పిల్లలకి ఒక మాట చెప్పాలి." డబ్బా టీచరు నల్లబల్ల ముందుకి వచ్చింది. "సోమవారం నేను మీ అందరి ముందూ ఒక అమ్మాయి కాగితం కొట్టేశాను. సొంతం కాదన్నాను. అది ఆ అమ్మాయి కవితే. ప్రతి మాటా తనదే. నేను సరిగ్గా అడక్కుండా, చెప్పేది వినకుండా తప్పు చేశాను. తప్పు నాది." మూడో బెంచీ దగ్గరికి వెళ్ళి, "కాగితం ఇస్తావా అమ్మా?" అంది. పిల్ల లెక్కల పుస్తకంలోంచి తీసి ఇచ్చింది. టీచరు అక్కడే బల్ల మీద వంగి, 'సొంతం కాదు' కింద 'ఇది సొంతమే, తప్పు నాది' అని రాసి, సంతకం చేసి, తారీకు వేసి తిరిగి ఇచ్చింది. పిల్ల దాన్ని పుస్తకంలో పెట్టేసుకుంది. తలెత్తలేదు. క్షమించమని అడగగానే క్షమించేస్తారని అనుకోవడం పెద్దవాళ్ళకే ఉన్న వెర్రి.

హెడ్ మేడం మొహం గంటు పెట్టుకుంది. "మొన్న చేతిరాత వేరే ఉంది, కాపీ అన్నావు. ఇప్పుడు సొంతం అంటున్నావు. అయితే ఆ రాత ఎవరిది?"

"అది మాత్రం అడక్కండి మేడం."

"బాగుందమ్మా! రేపు ఆయన అడిగితే ఏం చెప్పను? మిగతావి కూడా ఇలాంటివేనంటే నేనేం చెయ్యను? రాసిందెవరు?"

డబ్బా టీచరు పెదవులు బిగపట్టింది. ఈ పీరియడ్ పోతే పోనీ, డబ్బా పోతే పోనీ, మాట మాత్రం బయటికి రానివ్వకూడదు.

"నేనండి," అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది.

చాక్‌పీసుల పెట్టె చంకలో పెట్టుకుని ఆయమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"నువ్వా?" హెడ్ మేడం వెళ్ళి పిల్ల పుస్తకంలోంచి కాగితం తీసి చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. "అయిదు చదివినదాని రాతా ఇది?"

డబ్బా టీచరు ఏదో అనబోయింది. ఆయమ్మ చేత్తోనే వారించింది.

"అయిదు చదవలేదు మేడం. మీకు అబద్ధం చెప్పాను." చాక్‌పీసుల పెట్టె కిందపెట్టింది. "ఇప్పుడు నాలుగు చదువుతున్నానండి. ఈ గదిలోనే. పొద్దున్న పూట."

పిల్లలెవరూ నవ్వలేదు. మొదటి బెంచీ కూడా నవ్వలేదు. గుసగుస ఒక్కతే వెనక్కి తిరిగి తల్లిని చూసింది, కళ్ళు ఇంతింత చేసుకుని.

హెడ్ మేడం కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "బడి అయ్యాక నా గదికి రా," అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఆయమ్మే గంట కొట్టింది. కొట్టేసి కొంగు సర్దుకుని ఆ గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. వరండాలో డబ్బా టీచరు ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు చేసింది. మెట్ల మీద గుసగుస సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు వంకే చూస్తూ కూర్చుంది. టీచరు వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చోబోయింది. పిల్ల మెల్లగా లేచి రెండు మెట్లు కిందికి దిగి కూర్చుంది. అయిదున్నర బస్సు వెళ్ళిపోతే మళ్ళీ బస్సు లేదు. వెళ్ళక తప్పలేదు. ఇంట్లో తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. "అమ్మాయ్, నేను చెప్పినట్టే చేశావా?" అని అత్తగారు అడిగితే, "చేశాను. కొంప ముంచాను," అంది.

శుక్రవారం మళ్ళీ మొదటి బస్సే. గేటు తాళం తీసి ఉంది. ఎవరు తీశారు? వరండా తడిగా ఉంది. ఎవరు తుడిచారు? టీచరు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తినంత పని చేసింది. నాలుగో తరగతి గదిలో ఆయమ్మ బల్లలు తుడుస్తోంది.

"ఉన్నారా!" అంది టీచరు. ఇన్నాళ్ళుగా నువ్వు అంటున్న మనిషిని మీరు అన్నానని ఆవిడకి తట్టనే లేదు.

"ఉన్నానండి." ఆయమ్మ గుడ్డ పిండుతూ నవ్వింది. "తిట్టారండి మేడం గారు. తిట్లంటే మామూలు తిట్లా! అయిపోయాక నా పేరున్న రిజిస్టరు తీసి, ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టారు. అయిదు అన్న చోట నువ్వే కొట్టెయ్యి అన్నారు. కొట్టేశాను. ఇప్పుడు ఎంతవరకొచ్చిందో నువ్వే రాయి అన్నారు. నాలుగు అని రాశాను. సంవత్సరం తిరిగేసరికి ఆ నాలుగు అయిదవ్వాలి, లేకపోతే అప్పుడు చెప్తా నీ సంగతి అన్నారు. కింద వేలిముద్ర వేస్తానంటే కసురుకున్నారండి. సంతకం పెట్టించారు."

టీచరు చేతిలోని చెప్పులు కిందపెట్టింది.

తొమ్మిదింటికి పిల్లలు నిండారు. డబ్బాలో చీటీలు లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది! ప్రాణం లేచొచ్చింది. గబగబా తిరగేస్తుంటే ఒక చీటీ మీద ఇంతింత లావున, తలకట్లు పొడుచుకొచ్చిన 'సంతకం' కనిపించింది. అది తల్లిది. పిల్లది లేదు. టీచరు ఆ చీటీని మిగతా వాటిలో కలిపి మూత పెట్టింది.

తలెత్తేసరికి గుసగుస బల్ల పక్కన నిలబడి ఉంది, చేతిలో కాగితంతో.

"ఈ గీత పోతుందా టీచర్?"

టీచరు ఆ గీత వంక చూసింది. నాలుగు లైన్లనీ కోసుకుంటూ పోయింది, మందంగా, నిర్దయగా. రబ్బరుకి పోయేది కాదు. "పోదమ్మా," అంది. "వేరే కాగితం మీద తిరగరాద్దాం. ఇంకా టైముంది. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

పిల్ల తల అడ్డంగా ఊపింది. బెంచీ ఒకటి జరుపుకుని, ఎక్కి, ఖాళీ క్లిప్పుకి ఆ కాగితాన్నే తగిలించింది. దిగి వెళ్ళి తన చోట కూర్చుంది. అంత దూరం నుంచి కూడా ఎర్ర గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. హెడ్ మేడం చూస్తే ఏమంటుందోనని టీచరు గుమ్మం వైపు చూసింది. అయినా తియ్యలేదు.

పదిన్నరకి తనిఖీ అధికారి వచ్చాడు. వెనకాలే హెడ్ మేడం, మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఆయమ్మ. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో కాగితం దగ్గరా ఆగి చదువుతున్నాడు, అక్కడక్కడ నవ్వుతున్నాడు. మూడో వంతు తాడు దాటేసరికి ఆగిపోయాడు. మెడ వంచి చూశాడు. చదివాడు. వెనక్కి జరిగి మళ్ళీ చదివాడు.

"ఇదేమిటి? ఇంత బాగున్నదాన్ని కొట్టేసి, మళ్ళీ సొంతమే అన్నారేం? ఎవరిదిది?"

హెడ్ మేడం డబ్బా టీచరు వైపు చూసింది. టీచరు చెప్పబోయింది.

మూడో బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"కవిత నాదండీ," అంది. ఆ గొంతు ఖంగుమని గది నాలుగు మూలలకీ వెళ్ళింది. ముందు బెంచీల పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. "రాత మా అమ్మదండీ. గీత మా టీచరుదండీ."

అధికారి టీచరు వైపు తిరిగాడు. "గీత మీదా?"

"నాదేనండీ," అంది డబ్బా టీచరు.

"మరి తీసెయ్యలేదేం?"

టీచరు మూడో బెంచీ వైపు చూసింది. పిల్ల ఇంకా నిలబడే ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. ఈసారి ఆ పిల్ల తలెత్తి, టీచరు కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఉండనివ్వండి," అంది. "అదీ మరకే. జరగదు."